కడగొట్టు పిల్ల పిడికెడు

జబరాందీ మొక్కను అన్నయ్య వేళ్ళతో సహా పెకలించింది మంగళవారం ఉదయం. నేను బడికి బయలుదేరి చెప్పులు వేసుకుంటున్నాను. పెరట్లో పార దిగిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. మూడోసారి వేరు తెగిన చప్పుడు.

నేను వెళ్ళేసరికి మొక్క పక్కకు ఒరిగి నేల మీద ఉంది. వేళ్ళకు ఎర్రమట్టి తడిగా అంటుకుని ఉంది. జొవెలీను అన్నయ్య పార మీద రెండు చేతులూ ఆన్చి నిలబడ్డాడు. అడవిలో మందు ఆకు కోతకు వెళ్ళినవాడు, అమ్మ సంగతి తెలిసి నేరుగా వచ్చాడు. వీపు మీది సంచి కూడా ఇంకా దించలేదు.

వంటింటి గుమ్మంలో లిందౌరా అక్క గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"పీకేశావా?" అంది.

"పీకాను."

"నాన్న నాటిన మొక్క అన్నయ్యా అది."

"తెలుసు. అమ్మను పైకి పంపబోయిందీ అదే."

"మొక్క పంపబోయిందా, నేను పంపబోయానా? కడుపులో ఉన్నది సరిగ్గా చెప్పు. మొక్క మీద చూపించడమెందుకు, దానికి నోరు లేదనా?"

అన్నయ్య మొక్కను చూడటం లేదు, గుంటను చూస్తున్నాడు.

ఆకు కోసేవాళ్ళెవరూ జబరాందీని వేళ్ళతో పెకలించరు. కొమ్మను చేత్తో విరిచి మొదలు వదిలేస్తారు. రెండేళ్ళకు అదే మొదలు మళ్ళీ ఆకు తొడుగుతుంది. నాన్న తన జీవితంలో అన్నయ్యను కొట్టింది ఒక్కసారే. పదేళ్ళ వయసులో తొందరపడి ఒక మొక్క వేరు కదిలించినందుకు.

"ఆదివారం ఎంత వేశావు?" అని అడిగాడు అన్నయ్య.

"పిడికెడు."

"నిజం చెప్పు."

"కడగొట్టు పిల్ల పిడికెడు. నాన్న కొలత అదేగా. నజిల్దాయే కోసి తెచ్చింది, ఎదురుగా ఉందిగా, అడుగు."

అన్నయ్య నా వైపు చూశాడు.

"నేనే కోశాను. ఒక్క పిడికెడే" అన్నాను.

అది నిజం. మందుకు ఆకు కోయాల్సి వస్తే ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళ చెయ్యే కోయాలన్నది మా ఊరి పద్ధతి. మా ఇంట్లో ఆ చెయ్యి మొదటి నుంచీ నాదే.

"నాన్న ఏడాది పాటు పట్టించాడు ఆ కషాయం. ఒక్కరోజు అమ్మకి కళ్ళు తిరిగాయా? నాన్న పోయిన మూడు నెలలకి నువ్వు ఒక్కసారి కాచావు, నాడి పడిపోయింది. రెండో పిడికెడు కలిపుంటావు. లేదంటే మాటల్లో పడి నీళ్ళు ఇగిరేదాకా మరిగించి ఉంటావు."

"ఎవరితో మాటలు? ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళెవరున్నారు? అమ్మకి నోరు ఎండిపోయింది. దీనికి బడి. నీకు అడవి."

"ఇవాళ్టి నుంచి అమ్మ గిన్నె నువ్వు ముట్టుకోవద్దు."

అక్క గరిటెను కడిగింది. గుడ్డతో తుడిచి మేకుకు తగిలించింది. లోపలికి వెళ్ళి గోడ కొక్కేల నుంచి తాను పడుకునే ఊయల విప్పింది. దాన్ని పొడవుగా మడిచి, గుండ్రంగా చుట్టి, తాడుతో కట్టింది. మా ఇళ్ళలో ఊయల చుట్టారంటే ఇల్లు విడిచినట్టే.

"శుక్రవారం లారీకి పోతున్నా. నా కూతురింట్లో ఒక కొక్కెం ఖాళీగానే ఉందంది" అంది, ఎవరికీ కాకుండా.

ముందు గదిలో అమ్మ తన ఊయలలో కూర్చుని ఇదంతా విన్నది. పెదవులు కదిపింది. నాలుక అంగిటికి అంటుకుపోయింది. నేను నీళ్ళ బుర్ర అందించే లోపు ఆ మాట దాటిపోయింది.

అమ్మ ఎవరి చేత్తోనూ తినదు, అక్క చేత్తో తప్ప.

*

బుధవారం పొద్దున అన్నయ్య స్వయంగా గంజి కాచాడు. కర్రపెండలం పిండితో, చిక్కగా, అడవిలో కోతవాళ్ళకు కాచినట్టు. చెంచా అమ్మ నోటి దగ్గర పెట్టాడు. అమ్మ ఒక చెంచా తీసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. తరువాత గుడ్డలోకి ఊసేసింది.

"ఇసుక" అంది.

నిరుడు సాన్ లూయీస్ పట్నం ఆసుపత్రిలో అమ్మ గొంతుకు కిరణాలతో వైద్యం చేశారు. గడ్డ కరిగింది. దానితో పాటు నోటిలో తడీ పోయింది. అంతకుముందు అమ్మ నోటికి ఊరంతా భయపడేది. బబసూ తాటికాయలు గొడ్డలితో కొట్టి గింజ తీయడానికి ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుంటే, గొడ్డలి చప్పుడు కన్నా అమ్మ మాట గట్టిగా వినిపించేది. ఎవరింట్లో ఏ కుండ మాడిందో ఇక్కడి నుంచే చెప్పేది. ఇప్పుడు మూడు మాటలకొకసారి నీళ్ళు తాగాలి. కర్రపెండలం పిండి చల్లుకోకుండా ముద్ద ఎత్తని మనిషి, పిండిని చూస్తే తల తిప్పుకుంటుంది.

నాన్న ఉన్నన్నాళ్ళూ అమ్మ నోరు తడిపే పని ఆయనది. రోజూ పొద్దున్నే చిన్న గిన్నెలో జబరాందీ కషాయం కాచి రెండు గుక్కలు పట్టేవాడు. అమ్మ నోట్లో ఒక గంట పాటు నీరు ఊరేది. ఆ గంటలోనే తినేది, ఆ గంటలోనే ఆయన్ను తిట్టేది. మే నెలలో నాన్న పోయాక ఎవరికీ గిన్నె ముట్టే ధైర్యం లేకపోయింది. అక్క తనకు తెలిసినవి చేసింది. బెండకాయలు చీల్చి నీళ్ళలో నానబెట్టి, ఆ జిగురు వడగట్టి చెంచాతో పట్టేది. అన్నాన్ని చేపల పులుసులో మెత్తగా ఉడికించి, గోంగూర కలిపి, వేలితో పెట్టేది. అమ్మ బతికింది వాటితోనే.

ఆదివారం అమ్మే అడిగింది.

"మీ నాన్న కషాయం ఒక్కసారి కాచండే. పిండి రుచి మర్చిపోతున్నా."

కాచాం. పావుగంటలో అమ్మ నోరు ఊరింది. ముద్ద మీద పిండి చల్లుకుని మూడు ముద్దలు తిన్నది. "పులుపు తెలుస్తోందే" అంటూ నవ్వింది. నాన్న పోయాక అదే మొదటి నవ్వు. నాలుగో ముద్దకు చెమట పట్టింది. ఊయల తడిసిపోయింది. చెయ్యి పట్టుకుంటే నాడి ఒకటి కొట్టి, ఆగి, మరొకటి కొడుతోంది.

నాడి చూడటానికి బుధవారం మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రం నర్సు క్లెయొనీసి వచ్చింది. ఆదివారం అమ్మకు ఇంజెక్షన్ ఇచ్చి నిలబెట్టింది ఆమే.

"యులాలియా అమ్మమ్మా, ఎలా ఉన్నావు?"

అమ్మ చేతితో ఫరవాలేదన్నట్టు చూపింది.

"గుండె మాత్ర వేసుకునే మనిషికి ఆ ఆకు ఏంటి టీచరమ్మా? నువ్వు చదువుకున్నదానివి."

"నోరు ఎండకుండా ఆ ఆకుతోనే మాత్రలు చేస్తారని పేపర్లో చదివాను" అన్నాను.

"చేస్తారు. మాత్రలో ఎంతుందో వాళ్ళకి తెలుసు. మీ కుండలో ఎంతుందో మీకు తెలుసా?"

"ముసలాయన కొలతే. మా చెల్లెలు మరిగించింది" అన్నాడు అన్నయ్య.

వంటింట్లో అక్క గిన్నె చప్పుడు ఆగింది.

"మరిగించిన మనిషిని కాదు నేనడిగేది. కొలిచిందెవరు?" అంది క్లెయొనీసి.

ఆమె రక్తపోటు కొలిచే పట్టీ మడిచి సంచిలో పెట్టుకుంది. ఇక ఆ ఆకు ఈ ఇంట్లో కనపడకూడదని చెప్పి వెళ్ళింది.

నేను మూడో తరగతి పుస్తకాలు దిద్దడానికి కూర్చున్నాను. ఒకే పుస్తకాన్ని మూడుసార్లు దిద్దాను.

*

గురువారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. అన్నయ్య కట్టెలకు వెళ్ళాడు. అక్క ఏట్లో బట్టలు ఉతుకుతోంది. వెళ్ళే ముందు అమ్మ బట్టలన్నీ ఉతికి పోవాలనుకుంది.

అమ్మ నన్ను దగ్గరకు పిలిచింది. నీళ్ళు ఒక గుక్క తాగింది.

"చెయ్యి చూపించు."

చూపించాను.

"పిడికిలి బిగించు."

బిగించాను. అమ్మ తన రెండు చేతులతో నా పిడికిలిని పట్టుకుంది. ఒక చేత్తో పట్టలేక రెండో చెయ్యి కూడా వేసింది.

"ఎంత చెయ్యే ఇది" అంది.

మళ్ళీ నీళ్ళు తాగింది. గోడకు వేలాడుతున్న నాన్న ఆకు సంచి వైపు చూపించింది. మే నెల నుంచి ఆ సంచిని ఎవరూ ముట్టుకోలేదు. తుడిచేటప్పుడు కూడా దాని చుట్టూ తుడుస్తాం.

"దించు."

దించాను. విప్పగానే వాసన వచ్చింది. నారింజ ఆకు నలిపినట్టుండే వాసన. లోపల ఆయన చేతి తొడుగులు, ఒక తాడు, గుడ్డలో చుట్టిన బబసూ చిప్ప. నున్నగా అరగదీసిన చిన్న చిప్ప. లోపలి అంచుకు కొంచెం కింద కత్తితో గీసిన గీత ఉంది.

ఆ గీత నాకు గుర్తుంది.

నాకు అప్పుడు ఐదేళ్ళు. ఆకు కాలంలో ఊరంతా అడవికి వెళ్ళేది. కోసిన ఆకును పట్టాల మీద పరిచి, కర్రతో తిరగేస్తూ ఎండబెట్టేవాళ్ళు. పిల్లలం సగం ఆకు నమిలి ఎవరు దూరం ఊస్తారోనని పందెం వేసుకునేవాళ్ళం. ఎంత ఊసినా నోరు మళ్ళీ నిండేది. అన్నయ్య అందరికన్నా దూరం ఊసేవాడు. లిందౌరా అక్క ఊయక మింగేసి, గెలిచింది తనేనని వాదించేది. ఆకు రసం అంటిన చేతులతో కళ్ళు తుడుచుకుంటే పట్టపగలే మసక కమ్మేది. అందుకని నాన్న సాయంత్రం మా ముగ్గురినీ ఏటి ఒడ్డున వరుసగా నిలబెట్టి చేతులు కడిగించేవాడు.

ఒకరోజు అమ్మకు జ్వరం వచ్చింది. చెమట పట్టించడానికి ఆకు కావాలి. నాన్న నన్ను ఎత్తుకుని మొక్క దగ్గర నిలబెట్టాడు. "పిడికెడు కొయ్యి, తల్లీ" అన్నాడు. కోశాను. నా పిడికిలి విప్పి ఆ ఆకును ఈ చిప్పలో వేయించి, ఎక్కడి దాకా వచ్చిందో చూసి, కత్తితో గీశాడు.

"ఇదీ మన ఇంటి కొలత" అన్నాడు.

తరువాత ప్రతిసారీ నన్నే పిలిచేవాడు. నేను కోసేదాన్ని. నేను తెచ్చిన ఆకును ఆయన ఈ చిప్పలో గీత దాకా నింపి, మిగతాది పక్కన పెట్టేవాడని నాకు ఎప్పుడూ తోచలేదు. మాకు మిగిలింది ఆయన మాట మాత్రమే.

పెరట్లో పడి ఉన్న మొక్క నుంచి వాడిన ఆకు ఒక పిడికెడు కోసుకొచ్చాను. చిప్పలో గీత దాకా వేశాను. చాప మీద పోశాను. మళ్ళీ వేశాను. నా ఒక్క పిడికెడుతో చిప్ప మూడుసార్లు నిండింది, పైన కొంచెం మిగిలింది.

ప్రతి ఆగస్టులో మూడో తరగతికి కొలతల పాఠం చెబుతాను. ఒకే బల్లను పదిమంది పిల్లల చేత జానలతో కొలిపిస్తాను. పది లెక్కలు వస్తాయి. అందుకే మనిషి చేతిని నమ్మకూడదు అని నల్లబల్ల మీద రాయిస్తాను. ఇరవై రెండేళ్ళుగా రాయిస్తున్నాను.

"నీకెప్పుడు తెలిసింది?" అని అమ్మను అడిగాను.

"ఆరోగ్య కేంద్రం మంచం మీద. సూది గుచ్చుతుంటే. నువ్వు నా చెయ్యి పట్టుకున్నావుగా." నీళ్ళు తాగింది. "మీ నాన్న చెయ్యి అనుకున్నా. అంత ఉంది."

నేను తల దించుకున్నాను.

"నలభై ఏడేళ్ళదానివి. ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు." అమ్మ గొంతులో నవ్వు లాంటిది కదిలింది. తడి లేక అది దగ్గుగా మారింది. "ఆ ఆకు నాకిక వద్దు. లేత గోంగూర కాడ ఒకటి తెచ్చిపెట్టు, బుగ్గన పెట్టుకుంటా. మంట పుడితే ఊసేస్తా."

తెచ్చి పెట్టాను. అమ్మ కళ్ళు మూసుకుని కాడను చప్పరించింది. బుగ్గలు లోపలికి పోయాయి.

"అక్కకి చెప్పు" అంది. "లారీ ఎక్కకముందే చెప్పు."

*

అక్క సాయంత్రం రోట్లో నువ్వులు దంచుతోంది. ఎండు రొయ్యలు పక్కన ఉన్నాయి. గోంగూర ఉడుకుతోంది. అమ్మకు రెండు రోజులకు సరిపడా చేసి పోదామని.

చిప్ప నా జేబులో ఉంది. రోటి పక్కన కూర్చున్నాను.

"అన్నయ్య చూస్తే తిడతాడు" అన్నాను.

"తిట్టనీ. ఆయన కాచిన గంజి ఊళ్ళో కుక్కలే వాసన చూసి పోయాయి. గోడకి పూస్తే నిలుస్తుందది." రోకలి ఆపకుండా అంది. "అమ్మకి పిండి నేరుగా పెట్టకు. పులుసులో నానబెట్టి, ఉబ్బాక పెట్టు. చెంచా వద్దు, వేలితో పెట్టు. చెంచా ఇనుము రుచి వస్తోందంటుంది."

"సరే."

"బెండకాయ ముదురుది తీసుకోకు."

"సరే."

"సరే సరే అంటావు. బడిలో పిల్లలు నీకు చెప్పినట్టే చెబుతున్నావు నాకు."

నవ్వాను. అక్కా నవ్వింది. నేను జేబులో చెయ్యి పెట్టాను.

"అక్కా, ఆదివారం సంగతి..."

"వద్దులేవే." రోకలి ఆగింది. "నీతో ఒకటే చెప్పాలనుకున్నా. ఆయన అడిగాడు, నర్సు అడిగింది, పక్కింటి వాళ్ళు నీళ్ళ దగ్గర అడిగారు. ఎంత వేశావు, ఎంతసేపు కాచావు అని. నువ్వొక్కదానివే అడగలేదు. నాలుగు రోజులూ అడగలేదు. అది నేను మర్చిపోను."

చిప్ప అంచు నా వేలికి తగిలింది. దాన్ని పట్టుకునే ఉన్నాను.

"నాకే అనుమానంగా ఉంది మరి" అంది అక్క, మెల్లగా. "నిజంగానే ఎక్కువసేపు మరిగించానేమో. నాన్న గిన్నె అది. మూత తీయగానే ఆయన వాసన వచ్చింది. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు."

అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను. పెరటి తలుపు దగ్గర అన్నయ్య కట్టెల మోపు దించిన చప్పుడైంది. అక్క మళ్ళీ దంచడం మొదలుపెట్టింది.

నేను బయటకు వెళ్ళి అన్నయ్యకు నీళ్ళు ఇచ్చాను. తాగి, గుంట పక్కన కూర్చున్నాడు.

"పీకుండాల్సింది కాదు" అన్నాడు. "చెయ్యి ఆగలేదు. నాన్న పోయినప్పుడూ నేను అడవిలోనే ఉన్నా, ఇప్పుడూ అడవిలోనే ఉన్నా."

"అక్కను ఆపు అన్నయ్యా."

"తప్పు ఒప్పుకోమను. ఆపుతా."

"తప్పు ఆమెది కాకపోతే?"

"మరెవరిది?"

అన్నయ్య నా ముఖంలోకి చూశాడు. అతని కళ్ళలో అనుమానం లేదు. నేను ఇంకా ఐదేళ్ళ దాన్నే అతనికి.

"చీకటి పడకముందే కట్టెలు పేర్చు" అన్నాను.

*

శుక్రవారం పది గంటలకు లారీ బడి ముందు ఆగింది. వెనక బల్ల మీద అక్క కూర్చుంది. చుట్టిన ఊయల ఒళ్ళో ఉంది. నన్ను చేత్తో పిలిచింది. పిల్లలకు లెక్క ఒకటి ఇచ్చి బయటకు వచ్చాను. చిప్ప జేబులోనే ఉంది.

అక్క పాత పాలడబ్బా ఒకటి కిందికి అందించింది. అందులో ఎర్రమట్టి, మట్టిలో జబరాందీ మొదలు. కొమ్మలన్నీ జానెడు ఎత్తున కత్తిరించి ఉన్నాయి.

"నిన్న సాయంత్రం మీరు చూడనప్పుడు ఎత్తిపెట్టా. ఒక పక్క వేరు తెగలేదు. ఎండ పడని చోట నాటు. బతుకుతుందో లేదో. ఆకు కోసం కాదు, ఆ గుంట చూడలేక" అంది.

"అక్కా."

"ఏంటే?"

డ్రైవరు హారన్ కొట్టాడు.

"చెప్పు, వాడు ఆగడు. ముఖం ఏంటి అలా ఉంది? నీళ్ళు తాగావా పొద్దున్నుంచి?"

నాలుక అంగిటి నుంచి ఊడి రాలేదు. అమ్మ నోరు రోజంతా ఇలాగే ఉంటుందని అప్పుడు తెలిసింది. జేబులోంచి చిప్ప తీశాను. అక్క దాన్ని చూసింది.

"నాన్నది కదూ? నాకా?"

చెయ్యి చాచింది. చిప్పను ఆమె చేతిలో పెట్టాను. లారీ కదిలింది. ఆమె దాన్ని బుగ్గకు ఆనించుకోవడం దుమ్ములోంచి కనిపించింది. లోపలి గీతను చూసినట్టు లేదు.

సాయంత్రం మొక్కను పాత గుంటలోనే నాటాను. అన్నయ్య ఏమీ అడగకుండా మట్టి కప్పాడు. బెండకాయ నీళ్ళు వడగట్టి అమ్మకు పట్టాను. నాలుగు చెంచాలు తాగి, నా వెనక గోడకున్న రెండు ఖాళీ కొక్కేల వైపు చూసింది.

"చెప్పావా?" అంది.

అక్కకు చెప్పలేదు. అన్నయ్యకూ చెప్పలేదు.